జయప్రకాశ్ రెడ్డి మొదటి నుంచీ సినిమా విలనేనా?

కాదండీ. చాలామందికి ఆయన 1997లో వచ్చిన ప్రేమించుకుందాం రా తోనే తెలుసు గానీ, అసలు మనిషి నాటకాల్లోంచి వచ్చినవాడు. పుట్టింది అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ళ, చేసిన ఉద్యోగం లెక్కల మాస్టారు. పగలు పాఠాలు, మిగతా టైమంతా నాటకాలు. స్టేజి మీద చూసిన దాసరి నారాయణరావు సినిమాల్లోకి తెచ్చారు, 1988లో బ్రహ్మపుత్రుడు. ఆ వెంటనే దశ తిరిగిందా అంటే లేదు, కొన్నాళ్ళు చేసి, డబ్బు ఇబ్బందులతో మళ్ళీ పాఠాలకే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ప్రేమించుకుందాం రా సినిమాలో వచ్చిన వీరభద్రయ్య పాత్రతో కథ మారింది. అంతకుముందు సినిమాల్లో సీమ యాస పెద్దగా వినపడేది కాదు, ఈయన మాత్రం ఆ దీర్ఘాలూ ఆ విరుపులూ అలాగే ఉంచి, గొంతు పెంచకుండానే భయపెట్టేవారు. 1999లో సమరసింహారెడ్డి వచ్చాక ఫ్యాక్షన్ సినిమా అంటే ఆయన ఉండాల్సిందే అన్నట్టు అయిపోయింది. తమాషా ఏంటంటే ఢీ, రెడీ, కిక్ లాంటి వాటిలో అదే యాసతో, అదే సీరియస్ మొహంతో నవ్వించారు. నా మటుకు నాకు విలన్ కంటే ఆ కామెడీయే ఎక్కువ ఇష్టం, టైమింగ్ మొత్తం నాటకాల్లో వచ్చిందే.

సినిమాల్లో అంత బిజీ అయ్యాక కూడా రంగస్థలం వదల్లేదు. అలెగ్జాండర్ అనే ఏకపాత్ర నాటకంలో స్టేజి మీద మొదటి నుంచి చివరిదాకా ఆయన ఒక్కరే. 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో ఇంట్లోనే గుండెపోటుతో పోయారు.