గడప దాటాక కాదంటే చిక్కే

ప్రశ్న: మా సంస్థలో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకునే, పంపే సాఫ్ట్‌వేర్), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను మెయిల్‌బాక్సుల్లో ఉంచే సాఫ్ట్‌వేర్) పెట్టి మెయిల్ సర్వర్ నడుపుతున్నాం. ఎవరి మెయిల్‌బాక్స్ నిండినా మెయిల్ వెంటనే బౌన్స్ అవుతోంది, అంటే చేరలేదన్న కబురు పంపినవారికి వెళ్తోంది. పైగా ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా మా దగ్గర్నుంచి బౌన్సులు వెళ్తున్నాయట. ఏం మార్చాలి?

జవాబు: ముందు రెండోదే చూడండి, అదే పెద్ద తప్పు. మీ పోస్ట్‌ఫిక్స్ 250 అని (‘సరే, తీసుకున్నా’ అనే జవాబు కోడ్) మెయిల్‌ను ఒప్పేసుకుంటోంది. ఆ తర్వాత డవ్‌కాట్ పట్టదంటోంది. ఒప్పుకున్నాక బాధ్యత మీదే కనుక బౌన్స్ రాయక తప్పదు. స్పామ్‌లో పంపినవారి అడ్రస్ దొంగది కాబట్టి ఆ బౌన్స్ ఏ పాపం ఎరగనివాళ్లకు చేరుతుంది. డవ్‌కాట్‌లో కోటా స్టేటస్ సర్వీసును (మెయిల్‌బాక్స్‌లో చోటుందో లేదో చెప్పేది) తెరిచి, పోస్ట్‌ఫిక్స్‌లో గ్రహీతలను వడకట్టే నిబంధనల చివర పాలసీ సర్వీసుగా (మెయిల్ తీసుకోవాలా వద్దా అని పోస్ట్‌ఫిక్స్ అడిగే ప్రోగ్రామ్‌గా) తగిలించండి. ఎవరికి మెయిల్ అన్నది తెలియగానే, అసలు మెయిల్ రాకముందే కాదనొచ్చు. అప్పుడు బౌన్స్ రాసే పని అవతలి సర్వర్‌ది.

ఇక కాదనేటప్పుడు ఇచ్చే జవాబు కోడ్ సంగతి. 4తో మొదలైతే మళ్లీ రమ్మని, 5తో మొదలైతే ఇక రావద్దని. లేని యూజర్‌కు 550 5.1.1. నిండిన మెయిల్‌బాక్స్‌కు 552 5.2.2 కంటే 452 4.2.2 మేలు; రెండ్రోజుల్లో ఖాళీ చేసుకుంటే మెయిల్ దానంతటదే వచ్చిపడుతుంది. అవతల పోస్ట్‌ఫిక్సే ఉంటే, మామూలు సెట్టింగుల్లో 300 సెకన్ల నుంచి 4,000 సెకన్ల దాకా ఎడం పెంచుకుంటూ 5 రోజులు ప్రయత్నిస్తుంది. ఇబ్బందల్లా, ఆ 5 రోజులూ పంపినవారికి కబురు అందకపోవచ్చు. ఏళ్లుగా ఎవరూ తెరవని ఖాతాకు మాత్రం 552 అనేయండి.

డిస్క్ నిండడం, డేటాబేస్ పలక్కపోవడం, ఫోల్డర్ పర్మిషన్ తప్పడం మన ఇంటి లోపాలు. వీటికి ఎప్పుడూ 4 తోనే జవాబివ్వాలి. సర్వర్ మార్చే రోజు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగును ‘ఎస్’ చేస్తే 5లన్నీ 4లవుతాయి, యూజర్ల జాబితా ఖాళీగా ఉండిపోయినా మెయిల్ గల్లంతు కాదు. పని అయ్యాక ‘నో’ చేయడం మరవకండి. ఎక్కువమంది మరిచేది అక్కడే.

ప్రశ్న: ఒక్కొక్కసారి ఒకే మెయిల్ మూడేసి సార్లు వస్తోంది. ఎందుకని?

జవాబు: మెయిల్ మొత్తం పంపి, అయిపోయిందనడానికి గుర్తుగా చివరి చుక్క పెట్టాక, అవతలి సర్వర్ మీ 250 కోసం మామూలుగా 10 నిమిషాలు చూస్తుంది. ఆలోపు రాకపోతే అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. మీరేమో ఆ సమయంలో వైరస్ స్కాన్‌లో ఉంటారు, అది పూర్తయ్యాక మెయిల్‌ను దాచుకుంటారు కూడా. స్కాన్‌కు 1-2 నిమిషాల గడువు పెట్టండి. అది దాటితే 451 అనండి, మెయిల్‌ను దాచొద్దు.