రాణిని వేరేవాళ్లకు అప్పగిస్తే మాట తప్పినట్టేనా?

ప్రశ్న: నా వయసు 66. మా ఆయన పోయినప్పటినుంచి ఇల్లూ, కొట్టమూ ఒక్కదాన్నే చూసుకుంటున్నాను. మా దగ్గర రాణి అనే కంచర గాడిద ఉంది. చిన్న వయసులో వచ్చింది, ఇప్పుడు దానికి 29 ఏళ్లు. చాలాకాలం బరువులు మోసింది. ఇప్పుడు ఏ పనీ చేయించడం లేదు. దానికి తోడుగా ఉన్న గాడిద పోయిన ఏడాది చనిపోయింది. నాకేమో మోకాళ్ల నొప్పులు. దాని గిట్టలు శుభ్రం చేయడానికి వంగితే మళ్లీ లేవలేకపోతున్నాను. మా అబ్బాయి తన దగ్గరికి వచ్చేయమంటున్నాడు. అక్కడ దీన్ని పెట్టుకునే చోటు లేదు. ‘ఎవరో ఒకరికి ఇచ్చేయమ్మా, ముసలిదే కదా’ అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి వాడితో సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను. రాణిని చివరిదాకా చూసుకుంటానని మా ఆయనకు మాటిచ్చాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ మోకాళ్ల సంగతి. వంగితే లేవలేని మనిషి, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అంత పెద్ద జంతువు కాళ్ల దగ్గర కూర్చోవడం ప్రమాదం. రాణి ఎంత నెమ్మదైనదైనా ఏదో చప్పుడుకు బెదిరి ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు. ఈరోజునుంచే గిట్టల పని ఇంకొకరికి అప్పజెప్పండి.

ఇక మీరిచ్చిన మాట. కంచర గాడిదలు మామూలుగా గుర్రాలకంటే ఎక్కువ కాలం బతుకుతాయి. బాగా చూసుకుంటే 35, 40 ఏళ్లు బతికేవి ఉన్నాయి. అంటే రాణికి ఇంకో పదేళ్లు ఉండొచ్చు. అప్పటికి మీకు 76. ‘చివరిదాకా’ అని మీరు మాటిచ్చిన రోజున ఈ లెక్క ఎవరూ వేసుకుని ఉండరు. మీ ఆయన కోరుకున్నది దానికి తిండికీ వైద్యానికీ లోటు రాకూడదని, అది దిక్కులేనిది కాకూడదని. ఆ ఏర్పాటు మీరు చేయగలరు, అదీ ఇప్పుడైతేనే. రేపు మీరు హఠాత్తుగా మంచాన పడితే, హడావిడిలో ఎవరు ముందు వస్తే వాళ్లు తోలుకుపోతారు. ఇప్పుడైతే నాలుగు చోట్లకు వెళ్లి చూసి, నచ్చకపోతే వద్దనే ఓపిక మీకుంది.

‘ఎవరో ఒకరికి’ అన్న మాట మాత్రం నాకూ నచ్చలేదు. ఊరికే ఇచ్చేసిన ముసలి జంతువు చేతులు మారుతూ పోతుంది. ఆ వయసులో కూడా బరువులు మోయించేవాళ్లుంటారు, మాంసానికి అమ్మేసేవాళ్లూ ఉంటారు. కాబట్టి తీసుకుంటామన్న వాళ్ల మాటల తీపి చూడకండి, వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న జంతువులను చూడండి. మనిషి దగ్గరికొస్తే ముందుకొస్తున్నాయా, వెనక్కి జంకుతున్నాయా? గిట్టలు పగిలి, పెరిగిపోయి ఉన్నాయా? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలని తెలిసినవాళ్లయితే అడగ్గానే జవాబు చెబుతారు. ఇంకోసారి చెప్పకుండా వెళ్లి చూడండి. పచ్చిక బాగా ఉందని మురిసిపోనక్కర్లేదు. ఈ జాతి కొద్దిపాటి మేతతోనే సరిపెట్టుకుంటుంది. పచ్చిగడ్డి ఎక్కువైతే ఒళ్లు పెరిగి, గిట్టల లోపల వాపు వచ్చి నడవలేని స్థితికి వస్తుంది.

అక్కడ ఇంకో గాడిదో, గుర్రమో ఉండి తీరాలి. వీటికి తోడు చాలా అవసరం. ఏడాదిగా రాణి ఒంటరిగా ఉంది. మీ ప్రేమలో లోపం లేదు, కానీ ఆ తోడు మాత్రం మీరివ్వలేరు. కొత్త ఇల్లు ఇవ్వగలదు.

పళ్లు అరిగిపోయాయా, ఏ కాలు నొప్పి, దేనికి బెదురుతుంది, ఏ మాటకు కదులుతుంది, అన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. సగం నమిలిన గడ్డిని ఉండలుగా చేసి కింద పడేస్తుంటే పళ్లు పాడైనట్టే, ఎండుగడ్డిని సన్నగా తరిగి నానబెట్టి పెట్టాల్సి ఉంటుంది. అది దాచిపెట్టి అప్పగిస్తే అక్కడ బాధపడేది రాణే. ఎవరికీ అమ్మబోమని, పెంచలేకపోతే ముందు మీకే చెబుతామని కూడా రాయించుకోండి. ఒకటి రెండు నెలలు చూసి ఖాయం చేసుకుందామంటే మంచివాళ్లు నొచ్చుకోరు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కొత్తచోట అది తినడం మానేస్తే ‘బెంగ పెట్టుకుంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది’ అని ఊరుకోకూడదు. గాడిదలు, కంచర గాడిదలు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి చేరి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. పైగా ఇవి నొప్పిని బయటపెట్టవు. తల వాల్చి, మేత ముట్టకుండా నిలబడితే అదే రోజు పశువైద్యుణ్ణి పిలవాలి. దానికి అలవాటైన మేత కొంత వెంట పంపండి. కొత్త మేతను వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

ఇవన్నీ చేయబోయే ముందు వైద్యుడికి చూపించండి. ప్రయాణం తట్టుకోలేదనో, నొప్పి తగ్గే దారి లేదనో ఆయన చెబితే, మీ కొట్టంలోనే, మీరు పక్కనుండగా ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చడం కూడా దాన్ని చివరిదాకా చూసుకోవడమే. దాన్ని పాపమని నేననుకోను.

మీ అబ్బాయి సంగతి. అతను ‘ముసలిదే కదా’ అన్నది రాణిని. మీకు మాత్రం మిమ్మల్నే అన్నట్టు వినిపించి ఉంటుందని నా అనుమానం. ఈ వయసులో ఉన్న చోటు వదిలి వెళ్లాల్సింది అదొక్కటే కాదు, మీరూనూ. కొడుకు దగ్గరికి వెళ్లడానికి మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అబ్బాయితో కూర్చుని ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో చెప్పండి. వాళ్లమ్మ కొట్టంలో జారిపడుతుందేమోనన్న టెన్షన్‌తో అతను అలా అని ఉండొచ్చు, జంతువుతో మీకున్న అనుబంధం అతనికి తట్టి ఉండకపోవచ్చు. చోట్లు చూడటానికి మిమ్మల్ని తీసుకెళ్లే పని, బండి మాట్లాడే పని అతనికే అప్పజెప్పండి.

ఇద్దరూ ఒకేసారి ఇల్లు మారొద్దు. ముందు రాణి వెళ్లాలి. ఆ తర్వాత ఒకటి రెండు నెలలు మీరు ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటే వెళ్లి చూసిరావడం తేలిక, ఏదైనా తేడా వస్తే వెనక్కి తెచ్చుకునే దారీ ఉంటుంది. మీ ప్రయాణం తేదీ ఆ తర్వాతే పెట్టుకుంటానని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. వైద్యుడు వచ్చే రోజున అతన్నీ రమ్మనండి, ముఖతాడు పట్టుకోవడానికి మీకు ఒక మనిషి కావాలి.