ఇంకా నమ్మని స్నేహితుడికి యేసు గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇదీ: ఆఫీసులో పక్క సీటు స్నేహితుడు పూజలూ వ్రతాలూ ఉన్న ఇంటివాడు, మంచి మనిషి. అడిగినవారు మాత్రం క్రైస్తవులు. ప్రభువు గురించి అతనికి చెప్పాలని చాలాకాలంగా ఉంది గానీ, చెబితే స్నేహం చెడుతుందేమోనని టెన్షన్. ఏ వాక్యంతో మొదలుపెడితే బాగుంటుంది?

వాక్యంతో మొదలుపెట్టకండి. అతను మిమ్మల్ని అడగగలిగేంత దగ్గరగా మసలండి, అడిగిన రోజున మాత్రం మాట దాటేయకండి. ఇంతకన్నా మంచి పద్ధతి ఉందంటే నేను నమ్మను. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వచనాన్ని మన సంఘాల్లో సగమే పట్టుకుంటారు. సమాధానం చెప్పడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలని గట్టిగా బోధిస్తారు. సమాధానం చెప్పమన్నది "హేతువు అడుగు ప్రతివానికి" అని, అదీ సాత్వికంతో, భయంతో చెప్పాలని అక్కడే ఉంది. ఆ మాట మీద ప్రసంగం వినాలని నాకు ఎప్పటినుంచో ఆశ.

నాకు ఒంగోల్లో జిరాక్స్ షాపు ఉంది. పక్క షట్టర్‌లో మోటార్లు వైండింగ్ చేసే అన్న ఉంటాడు. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. మాలలో ఉన్నన్నాళ్ళూ నేను ఆయన్ని స్వామీ అనే పిలుస్తాను. మా సంఘంలో ఒకరిద్దరు దీన్ని తప్పుపట్టారు. పక్కవాణ్ణి అతను కోరుకున్న మర్యాదతో పిలిస్తే పోయే విశ్వాసమైతే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఆయన చిన్నకొడుకు ఇంటర్ చదువుతూ బైపాస్ మీద బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. పెద్దకర్మ కూడా కాకముందే ఒకాయన, మా క్రైస్తవుల్లోనే, ఆ ఇంటికి వెళ్ళి చేతిలో కరపత్రం పెట్టి, "ప్రభువును నమ్ముకుని ఉంటే మీ బిడ్డ బతికేవాడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన్ని భుజం పట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి వదిలాను. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపం వస్తుంది. నమ్మినవాళ్ళ ఇళ్ళలో పిల్లలు పోవడం లేదా? మా పెద్దమ్మ పుట్టినప్పటినుంచీ సంఘంలో ఉన్న మనిషి, ఇద్దరు కొడుకుల్ని సమాధిలో పెట్టింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే ఎక్కువ తప్పు చేసినవాళ్ళని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఉంది. కరపత్రాలు పంచేవాళ్ళు ముందు ఆ పేజీ చదివి బయలుదేరాలి.

ఆ తర్వాత చాలా నెలలు నేను ఆయన దగ్గర దేవుడి ఊసు ఎత్తలేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పనుల్లో మాత్రం వెంట తిరిగాను. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ. ఎన్ని సెట్లు ఇచ్చినా ఇంకో సెట్టు కావాలనేవాళ్ళు. పోస్టుమార్టం రిపోర్టు మీద కొడుకు పేరు ఆయన కంట పడకుండా, తీసిన కాపీలు బోర్లించి, పైన ఖాళీ కాగితం పెట్టి పిన్ను కొట్టి ఇచ్చేవాణ్ణి. సాయంత్రాలు ఆయన షాపులో కూర్చునేవాణ్ణి. ఆయన కాయిల్స్ చుట్టుకుంటూ ఉంటే నేను పేపర్ చదివేవాణ్ణి. దీన్ని సువార్త పని అంటారా అని ఎవరైనా అడిగితే, అవుననే అంటాను.

మరుసటి ఏడాది గుడ్ ఫ్రైడే. మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండింటికి ఆరాధన మొదలైతే మూడింటిదాకా ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. రెండో మాట నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేస్తే ఇంజను తిరుగుతోంది గానీ కరెంటు రావడం లేదు. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు, తెల్లచీరల్లో ముసలమ్మలు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. పాస్టరు గారు నావైపు చూశారు. అన్నకి ఫోన్ చేశాను. తింటున్న కంచం ముందు నుంచి లేచి, పనిముట్ల సంచితో వచ్చేశాడు.

జనరేటర్ చర్చి పక్కన, వేపచెట్టు కింద, కిటికీకి ఆనుకుని ఉంటుంది. విప్పి చూస్తే కార్బన్ బ్రష్‌లు మొదటికంటా అరిగిపోయి ఉన్నాయి. తన సంచిలోంచి వేరే బ్రష్‌లు తీసి, గరుకు కాగితం మీద రుద్ది, పెట్టి చూసి, మళ్ళీ రుద్ది, స్ప్రింగు కింద కూర్చోబెట్టాడు. నేను పక్కన స్క్రూలు దోసిట్లో పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. స్విచ్ వేయగానే లోపల మైకు గుయ్యిమంది, ఫ్యాన్లు తిరిగాయి.

అప్పటికి నాలుగో మాట వచ్చింది. మాట్లాడేది పేరున్న ప్రసంగీకులెవరూ కాదు, రిటైరైన ఒక టీచరమ్మ. ఆవిడ వచనం చదివారు: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న అన్న ఆగిపోయాడు.

"ఎవరంటున్నారు తమ్ముడూ ఈ మాట?"

"యేసు ప్రభువే అన్నా. సిలువ మీద."

"దేవుడని మీరు మొక్కే ఆయనేనా?"

"ఆయనే."

"ఆయనంతటాయన ఇలా అడిగాడని మీ పుస్తకంలో మీరే రాసుకున్నారా? తర్వాత ఎవరూ తీసెయ్యలేదా?"

నాకు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పటినుంచీ ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ వచనం వింటున్నవాణ్ణి, ఆ వైపు నుంచి దాన్ని ఎవరూ నాకు చూపించలేదు. తీసెయ్యలేదన్నా, అన్నాను. అంతకుమించి మాట రాలేదు. ఆయన అక్కడే ఇసుక బకెట్ బోర్లించుకుని కూర్చుని మిగతా మూడు మాటలూ విన్నాడు. అయిపోయాక పిల్లలు మజ్జిగ తెచ్చిస్తే తాగి, డబ్బులిస్తే వద్దని వెళ్ళిపోయాడు.

మర్నాడు షాపు కట్టే వేళకి ఆయనే వచ్చాడు. "మరి ఆ తర్వాత ఏమైంది?" అన్నాడు. ఇదే నేను మీకు చెబుతున్న ఘడియ. ఇక్కడ మొహమాటపడి "మీరూ ఒక దారి, మేమూ ఒక దారి, అన్నీ ఒకటే అన్నా" అని తప్పించుకునేవాళ్ళని చూశాను. అది స్నేహం కాదు. నేను చెప్పాను. మూడో రోజు సమాధి ఖాళీగా ఉందని, ముందుగా చూసింది ఆడవాళ్ళని, వాళ్ళు వచ్చి చెబితే శిష్యులే నమ్మలేదని, ఆ తర్వాత ఆయన కనబడ్డాక ఆ భయస్థులే ఊరూరా వెళ్ళి ప్రకటించారని చెప్పాను. నేనెందుకు నమ్ముతానో కూడా చెప్పాను. మా నాన్న పోయిన రాత్రి ఆస్పత్రి వరండాలో నేను ఒంటరిగా లేనని ఎంత స్పష్టంగా తెలిసిందో చెప్పాను. అబ్బాయి సంగతి నేను ఎత్తలేదు, ఆయనే ఎత్తాడు. "మరి మావాడో?" అన్నాడు. "వాణ్ణి నీ చేతికిచ్చినవాడు వాణ్ణి నీకంటే ఎక్కువ ప్రేమించాడని నేను నమ్ముతున్నానన్నా. అంతకుమించి నాకు తెలీదు" అన్నాను.

తర్వాత మార్కు సువార్త ఇచ్చాను. నాలుగు సువార్తల్లో అదే చిన్నది. వార్నిష్ పోసిన మోటారు ఆరేలోపు కాస్త కాస్త చదివేవాడు. ఎలాంటి ప్రశ్నలు అడిగాడో చూడండి. గెరాసేనుల దేశంలో దాదాపు రెండు వేల పందులు నీళ్ళలో పడి చచ్చాయి కదా, ఆ ఆసాములకి నష్టం ఎవరు కట్టారు? కాపు కాలం కానప్పుడు అంజూరపు చెట్టును ఎందుకు శపించాడు? తెలిసినదానికి తెలిసినంత చెప్పాను, తెలియనిదానికి తెలియదన్నాను. తొమ్మిదో అధ్యాయం దగ్గర చాలా రోజులు ఆగాడు. మూర్ఛరోగి అయిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని కేక వేస్తాడు. ఆ తండ్రి అబద్ధం ఆడలేదు తమ్ముడూ, అన్నాడు. నేను విన్న ప్రసంగాల్లో ఆ వచనం గురించి ఇంత మంచి మాట లేదు.

వాదనలో ఓడిపోయి నమ్మినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, ఉండడని నా అభిప్రాయం. ఈ మధ్య ఫోన్లలో వచ్చే వీడియోలు చూస్తుంటే బాధేస్తుంది. మన బోధకుడొకరు వాళ్ళ దేవుళ్ళని వెక్కిరించడం, దానికి వాళ్ళలో ఒకరు మన దేవుణ్ణి వెక్కిరిస్తూ జవాబివ్వడం, కింద ఇరువైపులవాళ్ళూ తిట్టుకోవడం. ఆ వెక్కిరింపు విన్న హిందూ ఇంటి తల్లి జన్మలో మన గుమ్మం తొక్కుతుందా? ఇంకొకళ్ళు వీసా వస్తుంది, ఉద్యోగం వస్తుంది, అప్పు తీరుతుంది అని ఆశపెట్టి ప్రార్థన కూటానికి తీసుకొస్తారు. రాకపోతే ఆ మనిషి వెళ్ళిపోతాడు, వెళ్ళి యేసు మోసం చేశాడంటాడు.

మా ఒంగోలు చరిత్ర తెలిసినవాళ్ళు ఇలాంటి పని చెయ్యరు. 1876-78 కరువులో ఇక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, గింజలు దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చి అడిగారు. ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఎవ్వరికీ ఇవ్వలేదు. పంపకాలు ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మా సభల్లో ఇప్పటికీ గొప్పగా చెబుతారు. ఆ పదిహేను నెలల సంగతి మాత్రం చెప్పరు. అంతమంది దొర ప్రసంగాలకి కదిలారని కూడా నేను అనుకోను. అంతకు పదేళ్ళ ముందే నమ్మిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ, వెళ్ళినచోటల్లా తనవాళ్ళతో కూర్చుని తనకు దొరికినదాని గురించి చెప్పాడు. ఆ కదలికంతా అలాంటివాళ్ళ నోటినుంచి మొదలైంది.

మనకు చెప్పే హక్కు ఉంది కదా అంటారు కొందరు. ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అందులోనే మనస్సాక్షి స్వేచ్ఛ అనే మాట అంతకంటే ముందుంది, అది మీ స్నేహితుడిది కూడా. కాబట్టి అడక్కుండా అతని తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యకండి. "నీకోసం ప్రార్థన చెయ్యనా?" అని అడగండి. నేను అడిగితే కాదన్నవాళ్ళు చాలా తక్కువ.

నమ్మితే పోయేవి ఏమిటో కూడా దాచకూడదు. మీ స్నేహితుడు ఎస్సీ అయితే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తాడు. ఇది పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో అతన్ని చూసే చూపు మారదు కదా. అయినా చట్టం అలా ఉన్నప్పుడు "ముందు రా, తర్వాత చూసుకుందాం" అనడం ద్రోహం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అన్నాడు.

ఇంతకీ అన్న బాప్తిస్మం తీసుకున్నాడా అని మీరు అడుగుతారు. మా సంఘంలోనూ ప్రతి నెలా అడుగుతారు, "ఎంతవరకు వచ్చింది?" అని, అదేదో ఇంటికి స్లాబ్ పడుతున్నట్టు. తీసుకోలేదు. పోయిన ఏడు కూడా మాల వేశాడు. ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధనకి వచ్చి వెనక నిలబడతాడు. ఆయన నమ్మాలని నాకు చాలా ఆశగా ఉంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు, నేనే చెప్పాను. రోజూ ఆయన పేరు పెట్టి ప్రార్థన చేస్తాను. ఎప్పటికీ నమ్మకపోయినా ఇన్సూరెన్స్ కాగితాలకి ఆయన వెంట తిరిగినందుకు నేను బాధపడను.

మీ స్నేహితుడు అడిగిన రోజుకి సిద్ధంగా ఉండాలంటే, బైబిల్ సొసైటీ షాపులో మార్కు సువార్త గానీ లూకా గానీ విడి పుస్తకం తెచ్చి బ్యాగులో ఉంచుకోండి. వాడుక భాషలో ఉన్న అనువాదం అడిగి తీసుకోండి, మన పాత బైబిలు భాష అలవాటు లేనివాళ్ళకి రెండో పేజీకే విసుగొస్తుంది. మీ ఇష్టం వచ్చినచోట్ల గీతలు గీసి ఇవ్వకండి, అతన్ని ఏది ఆపుతుందో మీకు తెలీదు. ఇచ్చాక, చదివావా చదివావా అని వెంటపడకండి.