రాకుమారులను అంకెలతో గుర్తుపట్టండి: చైనా సీరియల్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి చూడమంటే చైనా సీరియల్ ‘స్కార్లెట్ హార్ట్’ మొదలుపెట్టాను. నాలుగు భాగాలయ్యాయి. రాకుమారులందరికీ గొరిగిన నుదురు, వెనక జడ. ఎవరు ఎవరో తెలియడం లేదు. కథ కూడా అల్లరిచిల్లరిగా ఉందండీ. ఇంకా చూడమంటారా?
- ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: చూడండి. కనీసం నాయిక రువోషి రాజభవనంలో టీ అందించే పనిలో చేరేవరకైనా ఆగండి. అసలు కథ అక్కడే మొదలవుతుంది. 2011 నాటి ఈ సీరియల్ మొత్తం 35 భాగాలు, ఒక్కోటి ముప్పావుగంట. మన డైలీ సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగదు.

రాకుమారులంతా ఒకే చక్రవర్తి కొడుకులు, అంకె అంటే పుట్టిన వరుస. కనుక ముఖాలు వదిలేసి అంకెలు పట్టుకోండి. సబ్‌టైటిళ్లలో ఒకచోట పేరు వేస్తారు, ఇంకోచోట ‘నాలుగో రాకుమారుడు’ అంటారు. చిక్కంతా అక్కడే. చెవికి మాత్రం ఎప్పుడూ అంకే వినిపిస్తుంది: ‘బా యే’ అంటే ఎనిమిదోవాడు, ‘షిసాన్ యే’ అంటే పదమూడోవాడు. 8, 9, 10, 14 ఒక జట్టు. 4, 13 ఇంకో జట్టు. యువరాజు రెండోవాడు. ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే మొదటి పది భాగాల గందరగోళం చాలావరకు పోతుంది.

ఇక కథ బలం గురించి. (కథ ముందే తెలియకూడదనుకుంటే ఈ పేరా దాటేయండి.) 2011 నాటి అమ్మాయి ప్రమాదంలో పడి, కాంగ్‌షి చక్రవర్తి కాలంలో, 1704లో, రువోషి శరీరంలో కళ్లు తెరుస్తుంది. సింహాసనం నాలుగోవాడిదేనని ఆమెకు తెలుసు. ఇలాంటి కథల్లో భవిష్యత్తు తెలియడం నాయికకు వరమవుతుంది. ఇక్కడ అదే ఆమె మెడకు చుట్టుకుంటుంది. ఎనిమిదోవాడి మీద ప్రేమతో ‘నాలుగో ఆయనతో జాగ్రత్త’ అంటుంది. ఆ మాట పట్టుకుని అతను అన్న మీద పన్నాగం పన్నుతాడు. ఆ నేరం పదమూడోవాడు తన నెత్తిన వేసుకుని పదేళ్లు బందీ అవుతాడు. చరిత్రను ఆపాలని చూసిన మనిషే దాన్ని నడిపిందన్నమాట. ఇంత గట్టి ముడి ఉన్న ప్రేమకథలు అరుదు. మొదట్లో సరదాగా విసిరిన మాటలకు కూడా చివరి భాగాల్లో లెక్క తేలుతుంది కనుక మధ్యలో భాగాలు దాటేయకండి.

రువోషిగా వేసిన ల్యూ షిషి బ్యాలే నేర్చిన నర్తకి. నడకలో, వంగి దండం పెట్టే తీరులో ఆ శిక్షణ కనిపిస్తుంది. మాటల కంటే మౌనంలోనే ఆమె నటన బాగుంటుంది.

లోపాలు లేకపోలేదు. 1704 నాటికి నాలుగోవాడి వయసు 26, ఎనిమిదోవాడి వయసు 23. ఆ పాత్రలు వేసిన నిక్కీ వూ, కెవిన్ చెంగ్ అప్పటికే నలభై నిండినవాళ్లు. అందుకే మొదటి సగంలో కుర్రతనపు ప్రేమలు అతకవు. అయితే 44 ఏళ్ల చక్రవర్తిగా గద్దెనెక్కాక నిక్కీ వూ ముఖం ఆ పాత్రకు సరిగ్గా సరిపోతుంది. ఇంకోటి, కనిపించిన రాకుమారుడల్లా రువోషిని ఎందుకు ఇష్టపడతాడో రచన సరిగా చెప్పదు. పదోవాడి ఇష్టం నమ్మేలా ఉంటుంది, పద్నాలుగోవాడిది ఆలస్యంగా గానీ అర్థం కాదు. ఇక చైనా చారిత్రక సీరియళ్లలో డబ్బింగ్ గొంతులు వాడడం మామూలే. పెదవులు, మాట కలవని చోట్లు కొన్ని భరించాలి.

ప్రశ్న: ఇందులో చరిత్ర ఎంత?
- డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: రువోషి కల్పితం. రచయిత్రి టోంగ్ హువా రాసిన, ఈ సీరియల్‌కు మూలమైన నవలలోని పాత్ర. చుట్టూ ఉన్న రాజకీయం మాత్రం చాలావరకు నిజం. యువరాజును 1708లో తొలగించారు, 1709లో మళ్లీ నిలబెట్టారు, 1712లో శాశ్వతంగా తీసేశారు. 1722 డిసెంబరులో కాంగ్‌షి పోయాక నాలుగోవాడు యోంగ్‌జెంగ్ చక్రవర్తి అయ్యాడు. ఎనిమిదోవాడిని వంశం నుంచి వెలివేసి పేరు కూడా మార్పించాడు. అతను 1726లో నిర్బంధంలోనే చనిపోయాడు.

పెద్ద పొరపాటు ఒకటుంది. కాంగ్‌షి వంశమైన చింగ్ వంశం కాలంలో రాజభవనానికి అమ్మాయిల ఎంపికలు రెండు రకాలు. సేనాధిపతుల, అధికారుల కూతుళ్లను మూడేళ్లకోసారి పిలిచేది చక్రవర్తికి, రాకుమారులకు భార్యలుగా ఎంచడానికి. పనిచేసే అమ్మాయిలను ఏటా రాజగృహానికి చెందిన సేవక కుటుంబాల నుంచి తీసుకునేవారు. సేనాధిపతి కూతురు రువోషి మొదటి ఎంపికకు వెళ్లి టీ అందించే పనిలో తేలడం కథ కోసం చేసిన సర్దుబాటే.

ప్రశ్న: కొరియా వాళ్లు తీసింది చూశాను. మళ్లీ ఇది చూడాలా?
- ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: చూడాలి. 2016లో వచ్చిన కొరియా రూపం 20 భాగాలే. కథను కొరియాలోని పాత రాజ్యమైన గొర్యో కాలానికి మార్చారు. దాని వేగం బాగుంటుంది, నాలుగోవాడి గాయపడిన మనసు త్వరగా పట్టుకుంటుంది. కానీ అక్కడ ఏళ్లు గడిచినట్టు అనిపించదు. చైనా రూపంలో రువోషి బట్టలుతికే విభాగంలో గడిపే ఏళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. రోజుకు రెండు భాగాలకు మించకుండా చూడండి. చివరి పది బరువుగా ఉంటాయి, వాటిని ఒకే రాత్రి పెట్టుకోవద్దు.