ఇన్నోవేషన్ సెల్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

ఓపెన్ ఇన్నోవేషన్ గురించి, అంటే బయటివాళ్ల ఆలోచనల్ని లోపలికి తెచ్చుకుని, మన ఆలోచనల్ని బయటివాళ్లతో పంచుకుని కొత్తవి తయారుచేయడం గురించి, కాలేజీలో అందరికీ తెలిసేలా చేసే పని నీకు అప్పగించారని విని సంతోషించాను. ఒక్క మాట చెప్తాను. సెమినార్ హాల్లో స్లైడ్లు వేసి, చివర్లో సర్టిఫికెట్లు పంచే సదస్సుతో మొదలుపెట్టకు. 2003లో అమెరికా ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో దీనికి ఇచ్చిన నిర్వచనాన్ని పిల్లలు రాసుకుంటారు, మర్నాటికి మరిచిపోతారు.

ముందు బయటి సమస్యనొకదాన్ని క్యాంపస్‌లోకి తీసుకురా. మీ ఊళ్లో రైస్ మిల్లులున్నాయి, మగ్గాలున్నాయి. ఇబ్బంది పడేవాళ్లనే పిలిచి మాట్లాడించు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. ఆసు (చీర నేసేముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పడం) పోసి పోసి తల్లి చెయ్యి నొప్పి పడుతుంటే చూడలేక, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటివాళ్లకు మన వర్క్‌షాపుల తలుపులు తెరిచి ఉంటే ఎన్నేళ్ల కష్టం తగ్గేదో!

‘మా వల్ల ఏమవుతుంది సార్’ అనే విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 2008లో క్షయ మందుల కోసం మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ (అందరూ కలిసి మందులు వెతికే పథకం) గురించి చెప్పు. క్షయ బాక్టీరియా జన్యువుల సమాచారాన్ని ఒక్కచోట చేర్చే పనిలో ఎన్నో ఊళ్ల కాలేజీ పిల్లలు ఆన్‌లైన్‌లో పాలుపంచుకున్నారు.

లెక్చరర్లను ఒప్పించడమే కష్టం. తమ ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమోనని వాళ్ల టెన్షన్. అది న్యాయమైన భయమే, కొట్టిపారేయకు. మన పేటెంట్ చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ముందే బయటపెట్టిన విషయానికి పేటెంట్ రాదు. పరిశోధన పేపర్ పంపకముందే, హ్యాకథాన్‌లో చూపించకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయించు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు కూడా ఉంది. ఈ సంగతి చాలామంది స్టాఫ్‌కు తెలియదు.

కంపెనీతో కలిసి చేసేటప్పుడు హక్కులెవరివి, పేపర్ వేసుకోవచ్చా అన్నవి పని మొదలవకముందే కాగితం మీద రాయించు. కనిపెట్టింది విద్యార్థి అయితే పేటెంట్‌లో ఆ విద్యార్థి పేరు ఉండి తీరాలి. ఇందులో మొహమాటపడకు. పెద్దవాళ్ల పేర్లు చేర్చి పిల్లల పేర్లు వదిలేసే కాలేజీలో రెండో ఏడాది ఎవరూ ముందుకు రారు.

ల్యాబ్ అసిస్టెంట్లనూ పిలువు. ఏ మెషీన్ దేనికి పనికొస్తుందో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు.

మిల్లువాళ్లతో మాట్లాడి తేదీ ఖాయం చేశాక ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను.

నీ పెదనాన్న