ట్యూనింగ్ చేయించిన బైకు ఇంజిన్ పోతే పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. నా 373 సీసీ స్పోర్ట్స్ బైకును బెంగళూరులో ట్యూనింగ్ చేయించాను. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగ అడ్డు లేకుండా పోయేది) కలిపి 42 వేలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే గుత్తి దగ్గర హైవే మీద ఇంజిన్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. షోరూమ్ వాళ్లు వారంటీ లేదన్నారు. ట్యూనర్ ఫోన్ ఎత్తడం లేదు. బైకు మార్పించడమే నేరం, కేసు వేస్తే నీ మెడకే చుట్టుకుంటుందని స్నేహితులు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంజిన్ ఇంకా విప్పలేదు కదా? విప్పకపోతే దయచేసి అలాగే ఉంచండి. మీ కేసంతా దాని లోపలే ఉంది.

ఇలాంటి ఒక కేసులో పిస్టన్ నా టేబుల్ మీదకు వచ్చింది. పైభాగమంతా సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు సరిపడే మ్యాప్ (కంప్యూటర్ సెట్టింగులు) వేసి, బంకులో తక్కువ ఆక్టేన్ మామూలు పెట్రోలు పోయించుకుని మన ఎండల్లో తోలితే నాకింగ్ (ఇంజిన్ లోపల పెట్రోలు అదుపు తప్పి పేలడం) వచ్చి అలాంటి మచ్చలు పడతాయి. ఏ పెట్రోలు పోయాలో ట్యూనర్ మీకు చెప్పాడా? చెప్పకపోతే అదే సేవాలోపం. అందుకే వినియోగదారుల కమిషన్ ద్వారా ఇంజిన్‌ను ల్యాబ్‌లో పరీక్షించమని అడగాలి. మరో క్లయింట్ విషయంలో మెకానిక్ పాత పిస్టన్‌ను పాత ఇనుము కొట్టుకు వేసేశాడు. ఆ తర్వాత నిరూపించడానికి మా చేతిలో ఏమీ మిగల్లేదు.

మీ స్నేహితులు చెప్పింది సగం నిజం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి, సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ విషయంలో సెక్షన్ 190(2) ఉంది: మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ, వాటితో పాటు మూడు నెలలు లైసెన్స్ కోల్పోవడం. కాబట్టి పాత సైలెన్సర్ మీ దగ్గర ఉంటే రిపేరు అయ్యాక అదే బిగించి తోలండి.

అయినా, డబ్బు తీసుకుని పని చేసినవాడు ఆ పని సరిగా చేయాలన్నది వేరే విషయం. చట్టానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 చూపించి ట్యూనర్ వాదించవచ్చు. నా అభిప్రాయంలో సైలెన్సర్ విషయంలో ఆ వాదన బలమైనదే. రీమ్యాప్ వల్ల ఇంజిన్ దెబ్బతిన్న సంగతిని మాత్రం ఆ ఒక్క మాటతో తోసేయలేరు. ఇక్కడ పోరాడే చోటు ఉంది.

ఇక బిల్లు. చాలామంది ట్యూనర్లు అడుగున సన్న అక్షరాలతో 'ట్రాక్ మీద వాడకానికి మాత్రమే' అని, అంటే రోడ్డు మీద కాదు, రేసు ట్రాక్ మీదే తోలాలని అచ్చు వేస్తారు. మీరు హైవే మీద తోలుతుండగా బండి ఆగింది. ఆ మాట మీ బిల్లులో ఉంటే మీ బలం బాగా తగ్గుతుంది, దాచకుండా చెబుతున్నాను. లేకపోతే, అదీ వాట్సాప్‌లో 'రోజూ తిరగడానికే కదా' లాంటి మాట ఏదైనా ఉంటే, అది బంగారం. చాట్, డైనో షీట్ (ఇంజిన్ పవర్ కొలిచి ఇచ్చే కాగితం), యూపీఐ చెల్లింపు అన్నీ భద్రం చేయండి.

బెంగళూరు వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, అంటే అనంతపురంలోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ముందు ట్యూనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. ట్యూనింగ్ డబ్బు, ఇంజిన్ రిపేరు ఖర్చు ఎంతో రాతపూర్వక ఎస్టిమేట్‌తో అడగండి. మానసిక వేదనకు లక్షలు రాయకండి, అసలు కేసు పలచబడుతుంది.

షోరూమ్ మీద ఆశ పెట్టుకోకండి. మార్పులు చేస్తే వారంటీ పోతుందని పుస్తకంలో ఉంటే ఇంజిన్ విషయంలో గెలవడం కష్టం. అయినా నిరాకరణ కాగితం మీద తీసుకోండి. ఇంజిన్ ఎందుకు పోయిందో వాళ్లే రాస్తే ట్యూనర్ మీద మీకు పనికొస్తుంది.

నోటీసు రాయించే ముందు బిల్లు రెండు వైపులా ఫొటో తీసి పంపండి. వెనక ఏం అచ్చయి ఉందో చూడాలి.