సీటు కోసం చేతిలో ఉన్నదంతా ఊడ్చేయకండి

శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం నుంచి ఒక కొబ్బరి రైతు రాశారు. కుమార్తె ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. విశాఖలోని ఒక కళాశాలలో ఫిజియోథెరపీ డిగ్రీకి యాజమాన్య కోటాలో సీటు ఇస్తామన్నారు. నాలుగేళ్ల చదువుకు ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 1,60,000 రూపాయలు. తోట మీద, కిరాణా కొట్టు మీద నెలకు సగటున 28,000 వస్తాయి; ఇంటి ఖర్చు 22,000. పోస్టాఫీసులోని 2,50,000 రూపాయలు తీసి కట్టి, మిగిలిన దాదాపు నాలుగు లక్షలను ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తేవచ్చునా అన్నది ప్రశ్న.

తేకూడదు. సీటు దొరికిన సంతోషంలో ఇంట్లో ఉన్న నగదంతా తొలి ఏడాదే కట్టేసే పొరపాటు ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఎన్నో ఇళ్లలో జరుగుతున్నది కనుకనే ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

"తోటే మా ధైర్యం" అని మీరు రాశారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానంలో ఆ ధైర్యం ఎంతసేపు నిలిచిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కూలిన చెట్టు చోట నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. మీ అమ్మాయి నాలుగేళ్లు చదివి, ఇంటర్న్‌షిప్ ముగించి, ఉద్యోగం వెతుక్కోవడానికీ దాదాపు అంతే కాలం పడుతుంది. అందువల్ల ఆరు నెలల ఇంటి ఖర్చు 1,32,000, అర్ధ సంవత్సరపు ఫీజు, హాస్టలు 80,000, వెరసి 2,12,000 రూపాయలను అత్యవసర నిధిగా పక్కన పెట్టి, చేర్పించేటప్పుడు మిగిలిన 38,000 మాత్రమే వాడండి.

ఇక ఊళ్లో అప్పుకు రాసే ప్రామిసరీ నోటు సంగతి. నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000. ఖర్చులు పోను మీకు మిగిలేది 6,000. వడ్డీ కట్టలేకపోతే మూడేళ్లకు కాలదోషం పట్టకుండా నోటు తిరగరాయిస్తారు, అప్పుడు పాత వడ్డీ అసలులో కలిసి 8,32,000 అవుతుంది. అమ్మాయి అప్పటికి చివరి ఏడాదిలో అప్పుడే అడుగుపెడుతూ ఉంటుంది. తెలిసి తెలిసి ఇలాంటి కాగితం మీద సంతకం ఎలా పెడతారో నాకు అర్థం కాదు.

బ్యాంకు విద్యారుణానికే వెళ్లండి. సాధారణంగా ఏడున్నర లక్షల వరకూ ఆస్తి తాకట్టు అడగరు, చదువు ముగిసిన ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. అయితే ఆ కళాశాలకు ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉన్నదో లేదో విజయవాడలో కనుక్కున్నాకే దరఖాస్తు చేయండి. కొత్త ఫిజియోథెరపిస్టుకు తొలి జీతం తక్కువే గనుక, రెండేళ్ల ఎంపీటీని (ఫిజియోథెరపీలో పీజీ), సొంత క్లినిక్కును ఇప్పటి లెక్కలో కలపవద్దు. మీ పేర టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఫీజు కోసం ఇంట్లోని బంగారం జోలికి పోకండి.

అత్యవసర నిధిని మాత్రం ఒకే డిపాజిట్టుగా ఉంచకుండా, మీ దంపతుల ఉమ్మడి పేర నాలుగు ముక్కలుగా బ్యాంకులో వేయండి. ఒకటి మధ్యలో తీయవలసి వచ్చినా మిగతా మూడింటి వడ్డీ పోదు. విశాఖ వెళ్లి అడ్మిషన్ ఫారం నింపే ముందే ఆ పని ముగించండి. లేకపోతే "రెండో ఏడాది ఫీజు కూడా ఇప్పుడే కడితే తగ్గిస్తాం" అని కౌంటరు దగ్గర అనగానే ఆ డబ్బు కరిగిపోతుంది.